మా ఊరి గోడల మీద నా ఎడమ చెయ్యి

1978 ఫిబ్రవరిలో మా ఊరి గోడల మీద కనిపించిన హస్తాలన్నీ నావే. అందులోనూ ఎడమ చేతివి. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వుతారు. మనవరాలైతే నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఇదా తాతయ్యా?' అంది. ఇదేనమ్మా. అప్పుడు దానికి పన్నెండేళ్ళు, ఇన్ని ముడతలు లేవు.

మా నాన్న గోడలకు రంగులు వేసే మనిషి. నరసరావుపేటకు పది పన్నెండు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళోను, చుట్టుపక్కల ఏడెనిమిది పల్లెల్లోను ఏ కొట్టుకు పేరు రాయాలన్నా, ఎడ్లబండి చక్రాలకు రంగు పూయాలన్నా, రామాలయం గోడ మీద ఆంజనేయుణ్ణి దించాలన్నా ఆయనే. ఆ పనులు ఉప్పుకూ పప్పుకూ సరిపోయేవి. ఎన్నికలు వస్తేనే మా ఇంట్లో కొత్త బట్టలు. కాబట్టి మాకు రాజకీయాలంటే ముందు గుర్తు, తరువాతే మనిషి. నాన్న మొదట కాడెడ్లు వేశారు. కాంగ్రెసు చీలాక 1971 నుంచి ఆవు-దూడ వేశారు. ఎద్దులకంటే ఆవు కష్టం అనేవారు. దూడ మెడ తిప్పి పాలు తాగుతున్నట్టు రావాలి, లేకపోతే ఆవు కాళ్ళ మధ్య కుక్క దూరినట్టు ఉంటుంది. 1977లో జనతావాళ్ళు వచ్చి చక్రంలో నాగలి మోస్తున్న రైతును వేయమన్నారు. ఒక్క గోడకు వేసి, 'ఈ గుర్తు పెట్టినవాడెవడో జన్మలో కుంచె పట్టి ఉండడు' అని విసుక్కున్నారు.

పనంతా సున్నంలోనే ఉంది. ముందు రాత్రి కుండలో రాతిసున్నం నానేసి, పొద్దున్నే గోనెగుడ్డతో వడకట్టి, చిటికెడు నీలిమందు, నానిన తుమ్మబంక కలిపేవారు. బంక తక్కువైతే గోడకు ఆనుకున్నవాడి వీపుకే అంటుకుంటుంది. ఎక్కువైతే నాలుగెండలకు పెచ్చులు లేస్తుంది. ఆ కొలత ఆయన వేళ్ళకే తెలుసు. వేలు ముంచి బొటనవేలితో రాసి చూసేవారు. ఈతమట్ట కొసను రాతి మీద నలగ్గొట్టి వెడల్పు కుంచెలు నేను తయారుచేసేవాణ్ణి. అక్షరాలకు మాత్రం బజారు కుంచె. అది నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆవు-దూడ గోడలు మాకు ఇచ్చేది ప్రెసిడెంటుగారు. ఆయన పంచాయతీ ప్రెసిడెంటుగా చేసి దిగిపోయి చాలా ఏళ్ళయింది, అయినా ఊరందరికీ ప్రెసిడెంటుగారే. మిరపతోటలు, పొగాకు, రెండంతస్తుల మేడ. ఆయన వసారాలో నాలుగు పటాలు వరసగా ఉండేవి: వెంకటేశ్వరస్వామి, గాంధీ, నెహ్రూ, ఇందిర. నాలుగింటికీ ఒకే కొలత చట్రం. ప్రతి శుక్రవారం నాలుగింటికీ దండలు పడేవి, ఏ పటానికీ ఎక్కువ తక్కువలు లేకుండా.

1977 మార్చి ఎన్నికలకు నాన్న ఆయన ప్రహరీ మీద పెద్ద ఆవును వేసి, పైన మూరెడు అక్షరాలతో 'ఇందిరమ్మ' అని, కింద 'ఆవు-దూడ గుర్తుకే మీ ఓటు' అని రాశారు. చుట్టుపక్కల అలాంటివి మరో పదమూడు గోడలు.

ఆ ఫలితాలు వచ్చిన రోజు మా ఊళ్ళో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పంచాయతీ ఆఫీసు రేడియో ముందు జనం. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెసువే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గట్టెక్కారు. మా నరసరావుపేటలో కాసు బ్రహ్మానందరెడ్డిగారు గెలిచారు. టపాసులు కాల్చాలా వద్దా అని చూస్తుంటే, రాయబరేలీలో ఇందిరాగాంధీ 55 వేల ఓట్ల తేడాతో రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయిందని రేడియో చెప్పింది. అమేథీలో ఆమె కొడుకు సంజయ్ కూడా. దేశం మొత్తం మీద కాంగ్రెసుకు 154. 'మనం గెలిచామా, ఓడామా?' అని ఎవరో అడిగితే ప్రెసిడెంటుగారు జవాబు చెప్పకుండా కండువా దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయారు. తెచ్చిన టపాసులు మేము దీపావళికి కాల్చుకున్నాం.

ఆ రోజు నుంచి సంక్రాంతి దాకా జరిగింది నాకు బాగా గుర్తుంది. దానికి కారణం, నాన్న కూలి బాకీ కోసం నేను వారానికోసారి ప్రెసిడెంటుగారి వసారాలో కూర్చోవలసి రావడం. పద్నాలుగు గోడల డబ్బు ఆయన ఇవ్వలేదు. 'గెలిచింది మన ఎంపీయే కదండీ' అని నాన్న అంటే, 'పార్టీ ఓడింది కదయ్యా పెయింటరూ' అనేవారు. సరే, ఆ బాకీ సంగతి పక్కన పెడదాం. అక్కడ కూర్చుని నేను విన్న మాటల గురించి చెప్పాలి.

ఎమర్జెన్సీ రోజుల్లో ప్రెసిడెంటుగారి నోట 'అమ్మ' తప్ప వేరే మాట లేదు. అమ్మ ఇరవై సూత్రాలు పెట్టింది, అమ్మ ఇళ్ళస్థలాలు ఇమ్మంది, రైళ్ళు వేళకు నడుస్తున్నాయంటే అమ్మ చలవ. 1977 ఏప్రిల్ వచ్చేసరికి అమ్మ పోయి 'ఇందిరాగాంధీగారు' వచ్చారు. ఎమర్జెన్సీ అకృత్యాల మీద జనతా ప్రభుత్వం వేసిన షా కమిషన్ విచారణ వార్తలు పత్రికల్లో నిండిపోయేసరికి ఆ 'గారు' ఊడిపోయింది. అక్టోబరు 3న ఆమెను అరెస్టు చేసి, మర్నాడే వదిలేశారు. ఆ వారం నేను వెళ్ళినప్పుడు ఆయన 'ఆవిడ' అంటున్నారు. సంక్రాంతికి 'ఆ మనిషి'. ఒక్క మెట్టూ ఎక్కడా ఎగరలేదు. ఎవరైనా మధ్యలో 'అదేమిటండీ, మీరు అమ్మ అనేవారుగా?' అని అడిగి ఉంటే ఆయన నిజంగా ఆశ్చర్యపోయేవారని నా నమ్మకం. మనుషులు తాము నిలబడిన చోటు నుంచి జరిగిపోతున్నప్పుడు వాళ్ళకు కాళ్ళ కదలిక తెలియదేమో.

వసారాకు వచ్చే ఇతర పెద్దలూ అంతే. ఎమర్జెన్సీలో తామెంత ఇబ్బంది పడ్డారో ఒకరికొకరు చెప్పుకునేవారు. ఒకాయన తాను లోలోపల మొదటినుంచీ వ్యతిరేకమే అన్నారు. లోలోపల అంటే ఎంత లోపలో, ఇరవై ఒక్క నెలల్లో ఒక్కసారీ బయటికి రాలేదు.

ఇప్పుడు ఈ వయసులో ఆలోచిస్తే వాళ్ళు చెప్పుకున్న తప్పులు తప్పులు కావని అనలేను. పత్రికల నోరు నొక్కడం, విచారణ లేకుండా జైళ్ళలో పెట్టడం నిజం. మన రాష్ట్రంలోనే 1975లో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను కాల్చి చంపి ఎన్‌కౌంటరు అన్నారు. ఆ ఏడాది డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీశారు. ఇవన్నీ జరిగిన రోజుల్లో పదవుల్లో ఉన్నవాళ్ళే ఆ తరువాత ఆమె పేరు చెబితే మొహం తిప్పుకున్నారు. 'ఇందిరే ఇండియా, ఇండియాయే ఇందిర' అన్న అప్పటి కాంగ్రెసు అధ్యక్షుడు దేవకాంత బారువా కూడా చివరికి అవతలి గట్టుకే చేరారు. ఎమర్జెన్సీ పెట్టిననాడు కేంద్ర హోం మంత్రి మా బ్రహ్మానందరెడ్డిగారే. ఓటమి తరువాత అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడైందీ ఆయనే.

ఆయన విషయంలో మాత్రం లెక్క కాస్త వేరు. 1971లో ఆయన చేత ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేయించి పీవీ నరసింహారావును కూర్చోబెట్టింది ఇందిరాగాంధీయే. మా వైపు ఆ సంగతి ఎవరూ మరిచిపోలేదు. అందువల్ల 1978 జనవరి మొదటి వారంలో ఆమె ఢిల్లీలో వేరే మహాసభ పెట్టుకుని అధ్యక్షురాలైనప్పుడు, ఆయన ఆమెను పార్టీ నుంచి బహిష్కరించారన్న వార్త వస్తే మా ఊళ్ళో కొందరు మీసం దువ్వుకున్నారు. 'మన పలనాటి దెబ్బ' అన్నారు. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు కూడా బ్రహ్మానందరెడ్డిగారి వైపే. ప్రభుత్వం ఇటు, జిల్లా పెద్దలు ఇటు, పార్టీ పేరు ఇటు, గుర్తు ఇటు. ఆమె వైపు ఎవరున్నారయ్యా అంటే, రాష్ట్రం మొత్తం మీద చెప్పుకోదగ్గవాళ్ళలో పీవీ, మర్రి చెన్నారెడ్డి, మరికొందరు. చెన్నారెడ్డి 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితిని ముందుండి నడిపించి, తెలంగాణలో ఆమె పార్టీని పద్నాలుగింట పది స్థానాల్లో ఓడించిన మనిషి. ఆయనే ఆమెకు దిక్కయ్యారంటే ఆనాటి పరిస్థితి ఊహించుకోండి.

ఆ సంక్రాంతి వెళ్ళిన వారంలోనే ప్రెసిడెంటుగారి నుంచి నాన్నకు కబురు వచ్చింది. శాసనసభ ఎన్నికలు ఫిబ్రవరి 25న. నేనూ సున్నం కుండ మోసుకుంటూ వెంట వెళ్ళాను. నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన నాటి గాలివానకు ప్రహరీ ఒక మూల ఒరిగింది గాని బొమ్మ నిలిచే ఉంది. బంక కొలత అలాంటిది.

'ఏమయ్యా పెయింటరూ, గోడ సరిచేయాలి' అన్నారు ప్రెసిడెంటుగారు.

'మొత్తం తీసేయమంటారాండీ?'

'మొత్తం ఎందుకు? ఆవు మనదే. గుర్తు మనకే ఉంది. పైన ఆ పేరు మాత్రం తీసెయ్.'

నాన్న గోడ వైపు చూశారు. 'పేరు తీస్తే పైన బోసిగా ఉంటుందండీ. ఇంకేమైనా రాయమంటారా?'

ప్రెసిడెంటుగారు కాసేపు ఆలోచించారు. రాయడానికి వేరే పేరు దొరకలేదు. బ్రహ్మానందరెడ్డిగారి పేరు రాయించవచ్చు, గౌరవం కూడా. కానీ కూలివాడలో ఆ పేరు చూసి ఓటు వేసేదెవరు? ఆ లెక్క ఆయనకూ తెలుసు. 'ఏమీ వద్దు. తెల్లగా ఉంచు' అన్నారు.

అలా పద్నాలుగు గోడల మీద ఆవులన్నింటికీ నెత్తిన తెల్లటి పట్టీ పడింది, తలనొప్పికి గుడ్డ కట్టినట్టు. పాత సున్నం మీద కొత్త సున్నం ఎప్పుడూ కలవదు, కాస్త మెరుస్తుంది. ఎండ ఏటవాలుగా పడే వేళకు ఆ పట్టీ కింద 'ఇందిరమ్మ' అని నీడలా కనబడేది. చదువు రానివాళ్ళకు కూడా అక్కడ ఏముండేదో తెలుసు కాబట్టి వాళ్ళకు మరీ బాగా కనబడేది.

దీనికి మించిన విడ్డూరం ఇంకొకటి. ఎమర్జెన్సీలోనే జనం చాటుగా ఆవు-దూడ మీద పరిహాసాలాడేవారు: ఆవు ఇందిరమ్మ, దూడ సంజయ్ బాబు అని. ఇప్పుడు ఆమెను వెళ్ళగొట్టిన పార్టీకి ఆ తల్లీకొడుకుల బొమ్మే గుర్తుగా మిగిలింది. వసారాలో నాలుగో పటం కూడా అప్పుడే మాయమైంది. ఆ చోట వెల్ల మాయకుండా తెల్లగా ఉంది. ఆ తెలుపును కప్పడానికి ఒక విత్తనాల కంపెనీ కాలెండరు తగిలించారు. చట్రం కొలతకు అది సరిపోలేదు.

మా నాయనమ్మకు రాజకీయాలు తెలియవు. చిన్నప్పుడే భర్త పోతే కూలి చేసి నాన్నను పెంచింది. ఇందిరాగాంధీ అరెస్టయిందని తెలిసిన రోజు అన్నం మానేసి కూర్చుంది. 'మగదిక్కు లేని ఆడకూతురు. ఉప్పు తిన్నవాళ్ళందరూ ఒక్కటై ఇంత పని చేస్తారా?' అంది. ఎమర్జెన్సీ అంటే ఏమిటో నాన్న విడమరచి చెప్పబోయారు. ఆమె వినలేదు. మా వెనక వీధిలో పదమూడు కుటుంబాలకు ఇళ్ళస్థలాలు వచ్చాయి. ఆ పట్టాలు ఇచ్చింది తహసీల్దారు కావచ్చు, ఆ స్థలం చూపించింది ప్రెసిడెంటుగారు కావచ్చు, వాళ్ళ లెక్కలో ఇచ్చింది ఇందిరమ్మ. కుటుంబ నియంత్రణ శిబిరాలంటే జడుసుకున్న మాట నిజమే గాని, ఉత్తరాదిన జరిగినంత బలవంతం మా వైపు లేదు. కాబట్టి ఢిల్లీలో పెద్దలు లెక్కగట్టిన అప్రతిష్ఠ మా వీధి దాకా రానేలేదు. మేడ మీద ఉండే ప్రెసిడెంటుగారికి పత్రికలో కనిపించింది, పెరటి గోడ అవతలి వీధిలో ఏమనుకుంటున్నారో కనిపించలేదు. నలభై ఏళ్ళ రాజకీయం చేసిన మనిషి ఆ పది గజాలు నడిచి ఉంటే సరిపోయేది.

ఇక చెయ్యి సంగతి. ఇందిరా కాంగ్రెసుకు గుర్తు వచ్చేసరికి ఫిబ్రవరి పుట్టింది. దాని మీద ఒక కథ ప్రచారంలో ఉంది. ఆమె అప్పుడు విజయవాడలో ఉన్నారట. ఎన్నికల సంఘం ఏనుగు, సైకిలు, చెయ్యి చూపించి ఒకటి ఎంచుకోమందని ఢిల్లీ నుంచి ఆమె పార్టీ నాయకుడు బూటాసింగ్ ఫోను చేశారట. ఫోనులో 'హాథ్' (చెయ్యి) అన్నదీ 'హాథీ' (ఏనుగు) అన్నదీ ఒకేలా వినబడి గందరగోళమైతే, పీవీ ఫోను అందుకుని 'పంజా' అని చెప్పండి అన్నారట. నిజమెంతో గాని, అన్ని భాషలు వచ్చిన పీవీకి తగ్గ కథే. నాకు మాత్రం ఆ సైకిలు దగ్గర ఆలోచన ఆగుతుంది. ఆ రోజు సైకిలు తీసుకుని ఉంటే, అయిదేళ్ళ తరువాత రామారావుగారు దేని మీద వచ్చేవారో.

మా ఊళ్ళో ఇందిరా కాంగ్రెసు అంటే ముగ్గురు: బట్టలు కుట్టే ఆయన, సోడాల బండి కుర్రాడు, ఉద్యోగం పోయిన ఒక బస్సు కండక్టరు. పొద్దుగూకాక మా ఇంటికి వచ్చారు. చేతిలో ఒక చిన్న కరపత్రం, దాని మీద అగ్గిపెట్టెంత అరచెయ్యి.

'అన్నా, డబ్బు ఇప్పుడు లేదు. గోడకింత అని చందా వసూలు చేసి ఇస్తాం. వేస్తావా?'

నాన్నకు చెయ్యి వేయడం రాదు. దేవుళ్ళ అభయహస్తాలు వేశారు గాని అవి బొమ్మలో ఒక మూల ఉంటాయి. ఇక్కడ చెయ్యే బొమ్మ. రెండుసార్లు బొగ్గుతో గీశారు. మొదటిది వంకాయల గుత్తిలా వచ్చింది. రెండోదానికి ఆరు వేళ్ళు వచ్చాయని నాయనమ్మ లెక్కపెట్టి చెప్పింది. అప్పుడు నన్ను పిలిచి, గోడకు చెయ్యి ఆనించమన్నారు.

కుడిచెయ్యి ఆనించాను. చుట్టూ బొగ్గు తిప్పి, వెనక్కి జరిగి, కరపత్రం పక్కన పెట్టి చూశారు. బొటనవేలు అటుది ఇటు వచ్చింది. కరపత్రంలో ఉన్నది మనకు ఎదురుగా నిలబడినవాళ్ళ కుడి అరచెయ్యి. నేను గోడకు ఆనించి గీయించుకుంటే తిరగబడుతుంది. 'ఎడమది పెట్టరా' అన్నారు. సరిపోయింది. ఆ గీతను ఒక అట్ట మీదికి దించి, నాలుగింతలు పెంచి, కత్తిరించి అచ్చు చేశారు. ఆ అట్ట తోనే పదకొండు గోడలు. నా చిటికెన వేలు కొంచెం వంకర. పదకొండు గోడల మీదా ఇందిరా కాంగ్రెసు చిటికెన వేలు కొంచెం వంకర.

అవి మంచి గోడలు కావు. మంచి గోడలన్నీ ప్రెసిడెంటుగారి మనుషులవి. మాకు దొరికినవి పశువుల కొట్టాలు, బావి గట్టు, పాకల మట్టిగోడలు. మట్టిగోడకు సున్నం పట్టదు, ముందు పేడతో అలికి ఆరబెట్టాలి. ఆ అలుకు పని ఆ ఇళ్ళ ఆడవాళ్ళే చేసి పెట్టారు, ఎవరూ చెప్పకుండానే. నాన్న ఆ ముగ్గురి దగ్గర డబ్బు వస్తుందని అనుకోలేదు. కానీ వచ్చింది. అయిదు పైసలు, పది పైసల బిళ్ళలు గుడ్డ సంచిలో తెచ్చి గుమ్మంలో కుమ్మరించారు. లెక్కపెట్టడానికి నాకూ నాయనమ్మకూ ఆ సాయంత్రమంతా పట్టింది.

ఆ రోజుల్లో ఇందిరాగాంధీ మన రాష్ట్రమంతా తిరిగారు. మా దగ్గరి రోడ్డు మీదుగా వెళతారని తెలిసి నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని మూడు మైళ్ళు నడిచింది. సాయంత్రం నాలుగింటికి అన్నారు. రాత్రి పదయింది. రోడ్డు పక్కన జనం దుప్పట్లు కప్పుకుని, సద్దిమూటలు విప్పుకుని తిరునాళ్ళకు వచ్చినట్టు కూర్చున్నారు. నేను నిద్రపోయాను. కాబట్టి ఇందిరాగాంధీని చూశానని చెప్పుకునే యోగం నాకు లేదు. కారు ఒక్క నిమిషం ఆగిందట, తెల్లచీర, అలిసిపోయిన మొహం, చెయ్యి ఊపిందట. 'అచ్చం మన గోడ మీద చెయ్యిలాగే' అని నాయనమ్మ చాలా కాలం చెప్పుకుంది. ప్రెసిడెంటుగారు రాలేదు గాని, ఆయన పాలేరు చీకట్లో మా పక్కనే కూర్చున్నాడు. మమ్మల్ని చూసి తలగుడ్డ మొహం మీదికి లాక్కున్నాడు.

ఫలితాలు అందరికీ తెలిసినవే. 294 స్థానాల్లో ఇందిరా కాంగ్రెసు 175. జనతా 60. బ్రహ్మానందరెడ్డిగారి వర్గం, అంటే రెడ్డి కాంగ్రెసు, 30. ముఖ్యమంత్రి, మంత్రులు, పార్టీ పేరు, ఆవు, దూడ, అన్నీ ఉన్నా 30. కర్ణాటకలోనూ ఆమె పార్టీయే. మార్చి 6న చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తరువాత ఆవు-దూడ మీద గెలిచినవాళ్ళలో చాలామంది ఒకరి వెనక ఒకరు చెయ్యి కిందికి చేరారు. పులివెందులలో మొదటిసారి గెలిచిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కూడా రెడ్డి కాంగ్రెసు తరఫున గెలిచి అటు వెళ్ళినవారే. వెంగళరావుగారు కొన్నేళ్ళకు ఇందిరా కాంగ్రెసులోనే ఖమ్మం ఎంపీ అయి, కేంద్రంలో మంత్రిగా చేశారు. ఆమెను బహిష్కరించిన బ్రహ్మానందరెడ్డిగారు రాజీవ్‌గాంధీ కాలంలో మహారాష్ట్ర గవర్నరుగా వెళ్ళారు. తప్పు పట్టడం లేదు. తలుపు తెరిచి పెట్టినవాళ్ళు ఉన్నప్పుడు లోపలికి వచ్చేవాళ్ళనే ఎందుకు అనాలి? 1980లో ఆమె మెదక్ నుంచి కూడా పోటీ చేసి, రాయబరేలీ వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. అప్పటికి 1978 సంగతి ఎత్తేవాళ్ళే లేరు.

తరువాత ఇలాంటివి ఇంకా చూశాను. 1995 ఆగస్టులో తెలుగుదేశం ఎమ్మెల్యేలు హైదరాబాదు వైస్రాయ్ హోటలులో చేరి రామారావుగారిని దించిన రోజుల్లో నాన్న మంచం మీద ఉన్నారు. రామారావుగారి బొమ్మ పెట్టుకుని ఎనిమిది నెలల కిందట గెలిచినవాళ్ళు వీళ్ళంతా. నేను పత్రిక చదివి వినిపిస్తుంటే నాన్న ఒక్కటే అడిగారు: 'గుర్తు ఎవరికి ఉందిరా?' సైకిలు చివరికి చంద్రబాబు వర్గానికే దక్కిందని తెలిశాక, 'అయితే గోడలకు పని లేదు, పేరు తీస్తే చాలు' అన్నారు. 2014 నాటికి ఆయన లేరు. రాష్ట్రం విడిపోయాక సీమాంధ్రలో కాంగ్రెసు జెండా మోసిన పెద్దలంతా తలో దారి పట్టారు. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి సొంత పార్టీ పెట్టుకుని చెప్పుల జత గుర్తు తెచ్చుకున్నారు. 175 శాసనసభ స్థానాల్లో హస్తానికి ఒక్కటీ రాలేదు. ఫ్లెక్సీల కాలం కాబట్టి సున్నం అవసరం పడలేదు. కొత్త మొహాలు రాత్రికి రాత్రి అచ్చయి వచ్చాయి.

మళ్ళీ 1978 మార్చికి వస్తాను, ఒక్కటి చెప్పడం మిగిలింది. చెన్నారెడ్డి ప్రమాణం చేసిన వారానికి ప్రెసిడెంటుగారి కబురు. గెలిచినవాళ్ళు ఊరికి వస్తున్నారు, విందు ఆయన ఇంట్లోనే. ఈసారి నేను అట్ట అచ్చు చంకలో పెట్టుకుని వెళ్ళాను. ప్రహరీ మీద ఆవును పూర్తిగా సున్నంతో కప్పి చెయ్యి వేయాలి. పైన ఇందిరమ్మ పేరు మళ్ళీ రాయాలి, 'ఇదివరకటికంటే పెద్దగా'.

నాన్న సున్నం కలుపుతూ, 'ముందు ఆవు బాకీ ఉందండీ' అన్నారు, తల ఎత్తకుండా.

ప్రెసిడెంటుగారు ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి ఇచ్చారు. అదే సమయంలో ఆయన భార్య, మేము అమ్మగారు అనేవాళ్ళం, ఒక గోనెపట్టా చుట్ట పట్టుకుని వసారాలోకి వచ్చారు. విప్పితే నాలుగో పటం. పారేయమని ఆయన చెబితే ఆమె పారేయలేదు. ఎండుమిర్చి నిలవ చేసే గదిలో బస్తాల వెనక దాచారు. అద్దం పగలలేదు, చట్రం చెదరలేదు. కాలెండరు తీసి, పాత మేకుకే తగిలించబోతే, రెండు నెలలు గుంటూరు మిరప మధ్య నానిన ఆ పటం నుంచి ఘాటు గుప్పున లేచింది. ప్రెసిడెంటుగారికి తుమ్ములు పట్టుకున్నాయి. పటం రెండు చేతులా పట్టుకుని ఉన్నారు కాబట్టి ముక్కు మూసుకోవడానికి వీలు లేదు. తుమ్ముతూనే తగిలించారు, తుమ్ముతూనే దండ వేశారు. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అది మిరప ఘాటుకో, నవ్వుకో నాకు తెలియదు.

సాయంత్రానికి గోడ పూర్తయింది. నాన్న లెక్క చెప్పారు: చెయ్యికి ఇంత, జనవరిలో పేరు తీసినందుకు రెండు రూపాయలు, ఇప్పుడు పేరు రాసినందుకు అయిదు.

కళ్ళు తుడుచుకుంటూ ప్రెసిడెంటుగారు, 'అదే పేరు కదయ్యా. తీయడానికి రెండూ, రాయడానికి అయిదూనా?' అన్నారు.

'తీయడం సున్నంతో అయిపోతుందండీ' అన్నారు నాన్న. 'రాయాలంటే రంగు కావాలి.'